సోలార్ ప్యానెల్ 41 వోల్టులు చూపిస్తున్నా బ్యాటరీ నిండట్లేదంటే, తప్పు ఎటువైపుందో ముందు తేల్చుకోండి

మీరు రాసిందంతా రెండుసార్లు చదివాను, ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ప్యానెళ్లు విప్పి శబరి ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాద్ దాకా మోసుకురావద్దు. కొత్తవి అసలే కొనొద్దు. వాటి తప్పు లేదని మీరు రాసిన అంకెలే చెబుతున్నాయి.

విషయాన్ని ముందు ఒకచోట పెడతాను. మీరుండేది కూకట్‌పల్లిలో, మీ 28 అడుగుల పాత తెరచాప పడవ ఉన్నది కొచ్చి మెరీనాలో. పైన 100 వాట్ల ప్యానెళ్లు రెండు, సీరీస్‌లో. కింద, ప్యానెళ్ల నుంచి వీలైనంత పవర్ లాగి బ్యాటరీకి పంపే 20 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్, 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ. నిండు ఎండలో, మధ్యాహ్నం పన్నెండున్నరకు కంట్రోలర్ తెర మీద ప్యానెల్ 39.2 వోల్టులు, బ్యాటరీ 14.4 వోల్టులు, చార్జింగ్ 1.8 ఆంపియర్లు. ప్యానెల్ వైర్లు విప్పి విడిగా కొలిస్తే 41. పొద్దున తొమ్మిదింటికి కూడా కరెంటు మూడు ఆంపియర్లు దాటట్లేదు. రాత్రి రెండయ్యేసరికి ఫ్రిజ్ ఆగిపోతోంది, తెల్లారి చూస్తే బ్యాటరీ 11.9. కంట్రోలర్ ఇప్పటికే ఒకసారి మార్చారు. ఇప్పుడు షాపాయన ప్యానెళ్లు కూడా మార్చమంటున్నాడు.

నేను విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల వైరింగ్ మీద పని నేర్చుకున్నవాణ్ణి. పద్దెనిమిదేళ్లుగా రాణీగంజ్‌లో బ్యాటరీ, సోలార్ పనులే చేస్తున్నాను. ఇలాంటి కేసులో మంచి ప్యానెళ్లు పాత సామాన్లోకి పోవడం చాలాసార్లు చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 41 సంగతి. లోడు లేకుండా కొలిచిన వోల్టేజ్ మూసి ఉన్న నల్లాలో ప్రెషర్ లాంటిది. పైపు సగం పూడుకుపోయినా సరే, నల్లా మూసి ఉన్నంతసేపూ ప్రెషర్ నిండుగానే ఉంటుంది. నల్లా విప్పితేనే సన్నటి ధార వచ్చి సంగతి బయటపడుతుంది. మల్టీమీటరు ప్యానెల్ నుంచి తీసుకునే కరెంటు లెక్కలోకే రాదు కాబట్టి, చిలుము పట్టిన జాయింటు గుండా కూడా పూర్తి వోల్టేజ్ కనిపిస్తుంది. 41 చూసి అంతా బాగుందనీ అనుకోకూడదు, అది దండగ కొలత అనీ అనుకోకూడదు. దాంట్లో ఒక కబురు ఉంది. 36 సెల్లుల 100 వాట్ల ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర సుమారు 22 వోల్టులు ఇస్తుంది. సెల్లు వేడెక్కేకొద్దీ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.3 శాతం చొప్పున వోల్టేజ్ తగ్గుతుంది. సెల్లు 50 డిగ్రీలకు చేరితే 20.5 దగ్గరికి వస్తుంది. రెండు కలిపితే 41. లెక్క సరిపోయింది. ప్యానెల్ వెనక డబ్బాలో, నీడ పడ్డ సెల్లులను తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్ ఒకటి షార్ట్ అయి ఉంటే ఒక ప్యానెల్లో సగం సెల్లులు లెక్కలోంచి పోయి 31 దగ్గర చూపించేది. అలా లేదు కాబట్టి ఆ అనుమానం తీసేయొచ్చు.

ఇక అసలు సాక్ష్యం ఆ 39.2. అది చార్జింగ్ జరుగుతున్నప్పటి అంకె.

ఎంపీపీటీ కంట్రోలర్‌కి కరెంటు కావాలంటే ప్యానెల్ వోల్టేజ్‌ని కిందికి లాగుతుంది. మీ ప్యానెళ్లు ఎండలో పూర్తి పవర్ ఇచ్చే చోటు 32, 33 వోల్టుల దగ్గర ఉంటుంది. కంట్రోలర్ ఆకలి మీద ఉంటే తెర మీద ఆ అంకె కనిపించాలి. మీకు 39 దగ్గర, అంటే దాదాపు లోడు లేనప్పటి వోల్టేజ్ దగ్గరే నిలబడి ఉంది. ప్యానెళ్లు ఇవ్వలేక కాదు, కంట్రోలరే అడగట్లేదన్నమాట. వడ్డించేవాడు గిన్నె పట్టుకుని నిలబడ్డాడు, తినేవాడు చాలంటున్నాడు. అలాంటప్పుడు వంటవాణ్ణి మారిస్తే లాభమేముంది?

ఇదే కొలత ఇంకోలా ఉంటే నేనూ ఇంకోలా చెప్పేవాణ్ణి. ప్యానెల్ వోల్టేజ్ 32 దగ్గరుండి కరెంటు తక్కువగా ఉంటే ఎండ చాలట్లేదు, లేదా అద్దం మీద ఉప్పు, పిట్టల రెట్ట పేరుకుంది. 16, 17 దగ్గరికి పడిపోతే ఒక ప్యానెల్ మొత్తం నీడలో పడి బైపాస్ అయింది. లోడు పడగానే కుప్పకూలి, వదలగానే మళ్లీ 41కి లేస్తుంటే ప్యానెల్ వైపు ఏదో కనెక్టర్ లోపల కాలిపోయింది. మీకు ఈ మూడూ కావు. వెతకాల్సింది కంట్రోలర్‌కీ బ్యాటరీకీ మధ్య, లేదంటే బ్యాటరీలోనే.

ఒక చిన్న విషయం ముందే అడిగి పక్కన పెడతాను. మెరీనాలో ఒడ్డు కరెంటు తీసుకుని బ్యాటరీ చార్జర్ ఏమైనా ఆన్‌లో ఉంచారా? అది వోల్టేజ్ పట్టి ఉంచితే సోలార్ కంట్రోలర్ ఊరుకుంటుంది, అది తప్పు కాదు. కానీ మీ ఫ్రిజ్ రాత్రి ఆగిపోతోంది కాబట్టి చార్జర్ లేదనే అనుకుంటున్నాను. బ్యాటరీ నిజంగా నిండినా కరెంటు ఇలాగే పడిపోతుంది. తెల్లారి 11.9 ఉన్న బ్యాటరీ మధ్యాహ్నానికి నిండడం మాత్రం అసాధ్యం.

ఇప్పుడు ఆ 14.4 గురించి. అది ఎక్కడి 14.4? కంట్రోలర్ తన సొంత టెర్మినల్ దగ్గర చూసుకున్న అంకె అది. బ్యాటరీ దగ్గర ఎంతుందో దానికి తెలియదు. బ్యాటరీ దగ్గరి వోల్టేజ్ చూడడానికి విడిగా సెన్స్ వైరు ఉన్న కంట్రోలర్లు వేరే, మీ ఫొటోలో అది లేదు. మధ్యలో ఒక జాయింటు చెడి అక్కడ వోల్టేజ్ చిక్కుకుపోతే, కంట్రోలర్ తన గుమ్మంలో 14.4 చూసి, నిండిపోయిందనుకుని కరెంటు తగ్గించేస్తుంది. బ్యాటరీ మాత్రం 13 దగ్గర ఆకలితో ఉంటుంది.

మీ అంకెలతోనే లెక్క వేసి చూడండి. బ్యాటరీ దగ్గర 13.0 ఉందనుకుందాం. మధ్యలో పోయింది 1.4 వోల్టులు. 1.8 ఆంపియర్లకు 1.4 పోతే అడ్డు దాదాపు 0.78 ఓం. పొద్దున బ్యాటరీ 12.2 దగ్గరున్నప్పుడు ఇదే అడ్డు గుండా 2.2 వోల్టుల తేడాతో వెళ్లగలిగే కరెంటు 2.8 ఆంపియర్లు. పొద్దున మూడు దాటట్లేదని మీరే రాశారు. బ్యాటరీ చెడి ఉంటే, అంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటే, నడక వేరుగా ఉంటుంది. పొద్దున ఏడో ఎనిమిదో ఆంపియర్లతో జోరుగా మొదలై, గంట తిరక్కుండానే 14.4 తాకి పడిపోతుంది. మీది రోజంతా రెండుకీ మూడుకీ మధ్య నీరసంగా నడుస్తోంది. అందుకే నా ఓటు జాయింటుకే.

అంచనా అంచనాయే, ఖాయం చేసుకునే కొలత ఒకటే. ఎండ బాగా ఉన్నప్పుడు, ఫ్రిజ్ ఆన్ చేసి, మల్టీమీటరు డీసీ వోల్టుల మీద పెట్టండి. ముందు కంట్రోలర్‌కి ఉన్న బ్యాటరీ టెర్మినళ్ల మీద కొలవండి. వెంటనే బ్యాటరీ దగ్గర కొలవండి. బ్యాటరీ దగ్గర అంటే క్లాంపు మీదో, వైరు చివర నొక్కిన లగ్గు మీదో, బోల్టు మీదో కాదు, సీసపు పోస్టు మీదే మొన గుచ్చి కొలవాలి. క్లాంపుకీ పోస్టుకీ మధ్యే తప్పు ఉంటే క్లాంపు మీద కొలిచినవాడికి అది ఎన్నటికీ దొరకదు. రెండు అంకెల తేడా 0.2 వోల్టుల లోపు ఉంటే వైరింగ్ బాగుంది, బ్యాటరీని అనుమానించాలి. ఒక వోల్టు పైన ఉంటే దొంగ దొరికినట్టే, ఇక ఏ గదిలో ఉన్నాడన్నదే మిగులుతుంది.

ఆ గది పట్టుకోవడానికి మా పనిలో చాలా తక్కువమంది వాడే, కానీ అన్నిటికంటే మంచి పద్ధతి ఒకటి ఉంది. కరెంటు పారుతుండగానే మీటరు రెండు మొనలూ ఒకే వైరు దారి మీద పెట్టాలి, ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య కాదు. ఒక మొన కంట్రోలర్ ప్లస్ స్క్రూ మీద, రెండోది బ్యాటరీ ప్లస్ పోస్టు మీద పెడితే ఆ దారిలో పోతున్న మొత్తం వోల్టేజ్ కనిపిస్తుంది. తర్వాత రెండో మొనను వెనక్కి జరుపుకుంటూ రండి: లగ్గు, ఐసొలేటర్ స్విచ్ అటువైపు, ఇటువైపు, ఫ్యూజ్ హోల్డర్ అటువైపు, ఇటువైపు. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోయిందో తప్పు ఆ రెండు చోట్ల మధ్య ఉంది. మంచి జాయింటు మీద కొన్ని మిల్లీవోల్టులే ఉంటాయి. మైనస్ దారి కూడా ఇలాగే నడవండి. ప్లస్ అంతా శుభ్రంగా ఉండి, మైనస్ వైర్లన్నీ కలిసే బస్‌బార్ కింద పచ్చగా చిలుము పట్టిన కేసులు నాకు చాలా తగిలాయి, ఎందుకో మైనస్‌ని ఎవరూ చూడరు.

వైరు మందం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి మీటరుకు 4.3 మిల్లీఓములు. పోను రాను 6 మీటర్లకు 0.026 ఓం. 10 ఆంపియర్లు పారినా పోయేది 0.26 వోల్టు. మీ 0.78 ఓం ముందు అది ఏపాటిది? వైరు సన్నమై ఇంత పోదు, జాయింటు చెడితేనే పోతుంది.

మీ మూడో ఫొటోలో నాకు రెండు చోట్లు నచ్చలేదు. ఒకటి కంట్రోలర్ పక్కన ఉన్న కారు తరహా బ్లేడ్ ఫ్యూజ్ హోల్డర్. దాని కాలు దగ్గర ఆకుపచ్చగా ఉంది, ప్లాస్టిక్ కొంచెం గోధుమరంగు తిరిగింది. లోపలి స్ప్రింగు పట్టు వదిలేసి వేడెక్కిన గుర్తు అది. 0.78 ఓం మీద 1.8 ఆంపియర్లంటే రెండున్నర వాట్ల వేడి. చేత్తో ముట్టుకుంటే గోరువెచ్చగా తెలియాలి. రెండోది బ్యాటరీ ప్లస్ మీద స్టీలు వాషర్. లగ్గుకీ పోస్టుకీ మధ్యలో దూర్చారు. స్టెయిన్‌లెస్ స్టీలు రాగి కంటే సుమారు 40 రెట్లు ఎక్కువగా కరెంటుకు అడ్డుపడుతుంది. లగ్గు నేరుగా పోస్టును తాకాలి, వాషర్ దాని పైన రావాలి. ఎంత బిగించినా ఈ వరుస తప్పితే ప్రయోజనం లేదు.

హుస్సేన్ సాగర్ మీద తిరిగే ఒక సేఫ్టీ బోటులో నాకిదే తగిలింది. అక్కడ ఉప్పు లేదు, మంచినీటి చెరువు, చిలుము ఎందుకు పడుతుందనుకున్నారు. కానీ మురుగు కుళ్లితే వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని నల్లగా మార్చేస్తుంది. ఎండాకాలం ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకునేది దేనివల్లో ఆ గాలే. ఫ్యూజ్ కాళ్లు మసి పూసినట్టున్నాయి. కంట్రోలర్ దగ్గర 14.2, బ్యాటరీ దగ్గర 13.3. అప్పటికే వాళ్లు రెండు బ్యాటరీలు మార్చారు. హోల్డర్ ఒక్కటి మార్చాక అదే బ్యాటరీ నిండడం మొదలుపెట్టింది.

రిపేరులోకి దిగే ముందు వరుస పాటించండి. ముందు ప్యానెళ్ల మీద మందపాటి టార్పాలిన్ కప్పండి, తర్వాత ప్యానెల్ వైర్లు కంట్రోలర్ నుంచి తీయండి, ఆ తర్వాతే బ్యాటరీ వైర్లు. తిరిగి కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, చివర ప్యానెల్. ఎండలో కరెంటు పారుతుండగా ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ లాగితే లోపల ఆర్క్, అంటే మండే మెరుపు, వచ్చి పిన్ను కాలిపోతుంది, అది ఇంకో కొత్త తప్పు. వేలి ఉంగరం, వాచీ, మెళ్లో గొలుసు తీసేయండి. 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ షార్ట్ అయితే వెయ్యి ఆంపియర్ల పైన పారుతుంది, స్పానర్ తెల్లగా మండిపోతుంది. స్పానర్ పిడికి టేపు చుట్టుకోండి. ట్యూబులర్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది కాబట్టి క్యాబిన్ మూతలన్నీ తెరిచి ఓ పది నిమిషాలు గాలి ఆడనిచ్చాకే పని మొదలుపెట్టండి.

పాత వైరును మెరిసే రాగి కనిపించేదాకా వెనక్కి కోసుకుంటూ రండి. ఉప్పు తడి వైరు పోగుల మధ్య నుంచి లోపలికి పాకుతుంది. అరచేయంత పొడుగు కోసినా ఇంకా నల్లగానే ఉంటే ఆ ముక్క మొత్తం మార్చేయండి. మామూలు హౌస్ వైరు వేయొద్దు. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసినట్టే రాగి పోగులకు కళాయి పూసిన వైరు వస్తుంది. సోలార్ షాపుల్లో అమ్మే డీసీ కేబుల్ అదే. రాణీగంజ్‌లోనూ, ట్రూప్‌బజార్‌లోనూ దొరుకుతుంది, ఇక్కడే 6 చదరపు మిల్లీమీటర్లది కొనుక్కుని వెళ్లండి. లగ్గు సుత్తితో కొట్టి నొక్కొద్దు, సరైన క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. సోల్డర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. సోల్డర్ ఆగిన చోట వైరు బిరుసెక్కి, పడవ ఊపుకి అక్కడే విరుగుతుంది. దాని పైన, వేడి చేస్తే బిగుసుకునే, లోపల గమ్ ఉన్న హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి. అంతా బిగించాక పైన వాజెలిన్ పల్చగా రాయండి. బ్లేడ్ ఫ్యూజ్ తీసేసి బోల్టుతో బిగించే ఫ్యూజ్ పెట్టండి, అదీ కంట్రోలర్ దగ్గర కాదు, బ్యాటరీ దగ్గర. అమెరికా పడవల ప్రమాణాల్లో ఫ్యూజ్ బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలన్న లెక్క ఉంది. ఫ్యూజ్ కాపాడేది వైరుని, కాల్చగలిగే బలం ఉన్నది బ్యాటరీకి.

ఇంకో మాట. ఫొటోలో ప్యానెల్ లైన్లో ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ కనిపించింది. అది తీసేయండి. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నా అవుతుంది కాబట్టి ఆర్క్ ఆరిపోతుంది. డీసీలో ఆ సున్నా ఉండదు, కట్ చేసినప్పుడు లోపల ఆర్క్ అలాగే మండుతూ ఉండిపోవచ్చు. పడవలో నిప్పంటే పారిపోవడానికి చోటుండదు. డీసీ అని రాసి ఉన్నదే వేసి, ప్లస్ మైనస్ గుర్తులు చూసి కలపండి.

రిపేరయ్యాక పొద్దున ఖాళీ బ్యాటరీతో మొదలుపెడితే, నడినెత్తి ఎండకు 10 ఆంపియర్లు అటూ ఇటూ రావాలి. ప్యానెల్ వోల్టేజ్ 32, 33కి దిగి ఉండాలి. రాకపోతే అప్పుడు ప్యానెళ్లను విడివిడిగా పరీక్షించండి. కంట్రోలర్ నుంచి విడదీసి, మీటరును 10 ఆంపియర్ల సాకెట్లోకి మార్చి, ఎండలో ప్యానెల్ రెండు వైర్ల మధ్య పెట్టండి. మంచి ఎండకు 5 నుంచి 6 ఆంపియర్లు రావాలి. ప్యానెల్ని అలా కాసేపు షార్ట్ చేసినా దానికేం కాదు. అదే మీటరు అదే సాకెట్లో ఉండగా బ్యాటరీ మీద మాత్రం పొరపాటున కూడా పెట్టొద్దు. సున్నా వస్తే ప్యానెల్ చచ్చిందని తీర్పు ఇచ్చేయకండి, మీటరు లోపలి ఫ్యూజ్ పోయి ఉండొచ్చు. రెండో ప్యానెల్ మీద కూడా పెట్టి చూడండి.

నీడ గురించి ఇప్పుడే చెప్పి ఉంచుతాను, ఎందుకంటే ఇది సర్దుకున్నాక మీకు తగిలేది అదే. జెట్టీలో మీ ప్యానెళ్ల మీద నీడ లేదు. తెరచాప ఎత్తాక తెరకొయ్య నీడ, చాప అడుగున అడ్డంగా ఉండే బూమ్ నీడ, కొయ్యను పట్టే తీగల నీడ తిరుగుతూనే ఉంటాయి. సెల్లులన్నీ ఒకే దండలో పూసల్లా ఉంటాయి. ఒక సెల్లు నీడలో పడితే దాని గుండా పోవాల్సిన కరెంటు ఆగి, డయోడ్ తెరుచుకుని, సగం ప్యానెల్ పోతుంది. రెండు ప్యానెళ్లు సీరీస్‌లో ఉంటే ఒకదాని నీడ రెండోదాన్ని కూడా ఇబ్బంది పెడుతుంది. పడవ మీద నేనైతే పారలల్‌కే మొగ్గు చూపుతాను, ఒకటి నీడలో ఉన్నా రెండోది తన పని తాను చేసుకుపోతుంది. వైరు కాస్త మందంగా వేయాలి, అంతే. వాడుక లేనప్పుడు బూమ్‌ని ఒక పక్కకి లాగి కట్టేయండి.

బ్యాటరీ ఇన్ని నెలలు అరకడుపుతో ఉంది కాబట్టి జాయింటు సరిచేయగానే పూర్వంలా ఉండదు. ఒడ్డు కరెంటుతో ఒకరోజంతా చార్జ్ చేసి, ఆరు సెల్లుల్లోనూ యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ పెట్టండి. ఇక్కడి ట్యూబులర్ బ్యాటరీలు నిండితే 1.240 దగ్గర చూపిస్తాయి. అన్నీ సమానంగా తక్కువుంటే ఇంకా చార్జ్ చేయాలి. ఒక్క సెల్లు మాత్రమే 0.05 వెనకబడి ఉంటే బ్యాటరీ మార్చాల్సిందే.

ఆఖరికి, లెక్క కూడా చూసుకోండి. 200 వాట్లు, రోజుకు నాలుగున్నర గంటల నిండు ఎండతో సమానం, అందులో వేడికీ నష్టాలకూ పాతిక శాతం తీసేస్తే 675 వాట్ అవర్లు, అంటే 52 ఆంపియర్ అవర్లు. మీ ఫ్రిజ్ సగటున 2 ఆంపియర్లు లాగితే ఇరవై నాలుగు గంటలకు 48. దీపాలు కలిపితే సరికి సరి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొచ్చి వానల్లో ఇది చాలదు. ప్యానెల్ కొనాలని మనసుంటే ఇవన్నీ అయ్యాక, ఉన్నవాటికి తోడుగా మూడోది కొనండి. పారలల్‌లో మూడు అయినప్పుడు ఒక్కో ప్యానెల్‌కీ విడిగా ఫ్యూజ్ పెట్టాలి.

వచ్చే శనివారం వెళ్తున్నానన్నారు కదా, అప్పుడు కంట్రోలర్ టెర్మినళ్ల మీద ఒకటి, సీసపు పోస్టుల మీద ఒకటి, ఆ రెండు వోల్టేజ్‌లూ, పక్కన ఆంపియర్లూ రాసి పంపండి. రెండూ ఒకే నిమిషంలో తీయండి, మధ్యలో మబ్బు పట్టకుండా చూసుకోండి.